కుమ్మక్కు: ఈ మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ మానాలి

మా మేనకోడలు గుంటూరులో ఒక పత్రికలో ట్రైనీ రిపోర్టరుగా చేరి ఆరు నెలలైంది. రాసిన వార్తని ఆఫీసుకి పంపేముందు నాకు వాట్సాప్‌లో పడేస్తుంది. ఇరవై ఏడేళ్లు డెస్కులో కూర్చుని ఊరందరి వాక్యాలూ దిద్దినదాన్ని, రిటైరయ్యాక కూడా నాకు ఆ దురద పోలేదు. ఒక రాత్రి పదిన్నరకి వచ్చిన వాక్యం ఇది: "ఇద్దరు యువకులు కుమ్మక్కై పార్కింగ్‌లో ఉన్న మూడు బైకులు దొంగిలించారు."

"వాళ్లిద్దరికీ అంతకుముందు పడదా?" అని అడిగాను.

"అదేం లేదత్తా. ఒకే వీధి, చిన్నప్పటి నుంచీ దోస్తులు."

"మరి కుమ్మక్కవడం దేనికే? కలిసి దొంగిలించారు అను, సరిపోతుంది."

కలిసి తప్పు చేస్తే కుమ్మక్కే కదా అని దాని వాదన. నిజమే, పైపైన చూస్తే అంతే. కానీ తెలుగులో కలిసి తప్పు చేయడానికి పది రకాల మాటలున్నాయి, ఒక్కోదానికీ ఒక్కో చోటుంది. ఆ రాత్రి ఫోన్లో చెప్పినవీ, తర్వాత ముక్కలు ముక్కలుగా మెసేజీల్లో పెట్టినవీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. వార్తలు రాసేవాళ్లకే కాదు, పిటిషన్లు రాసుకునేవాళ్లకీ, ఫేస్‌బుక్‌లో ఊరి సంగతులు ఏకరువు పెట్టేవాళ్లకీ పనికొస్తుంది.

ముందు చూసుకోవాల్సింది

కుమ్మక్కు అనే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: వీళ్లు మామూలుగా ఎదురెదురుగా ఉండాల్సినవాళ్లేనా? ఎదుటి పక్షంలో ఉండాల్సినవాడు చాటుగా ఈ పక్కకి వచ్చి నిలబడితే అది కుమ్మక్కు. మొదటి నుంచీ ఒకే పక్కన ఉన్నవాళ్లు కలిసి ఏం చేసినా అది కుమ్మక్కు కాదు. ముఠా కావచ్చు, జట్టు కావచ్చు, తోడుదొంగలు కావచ్చు.

ఉదాహరణకి ధాన్యం కొనుగోలు కేంద్రం తీసుకోండి. కాటా వేసేవాడు రైతుకీ మిల్లుకీ మధ్య నిష్పక్షపాతంగా ఉండాలి. వాడు మిల్లువాళ్లతో మాట్లాడుకుని బస్తాకి కిలో చొప్పున తరుగు రాస్తే, వాడు మిల్లరుతో కుమ్మక్కయ్యాడు. సర్వేయరు ఆక్రమణదారుతో, ఇన్విజిలేటరు కాలేజీ యాజమాన్యంతో, చెక్‌పోస్టు సిబ్బంది ఇసుక లారీలవాళ్లతో. ఇక్కడ కాపలా కాయాల్సిన మనిషే అటు చేరిపోయాడు. మిర్చి యార్డులో వ్యాపారుల సంగతి చూడండి, వాళ్లంతా ఒకే వృత్తివాళ్లు కదా, కుమ్మక్కు ఎలా అవుతుంది? అవుతుంది. వేలంలో వాళ్లు ఒకరి మీద ఒకరు పాడాల్సినవాళ్లు. పాట పెంచకూడదని ముందే అనుకుని వచ్చారంటే పోటీదారులు కుమ్మక్కయినట్టే.

ఇంకో సంగతి, కుమ్మక్కులో ఎప్పుడూ మూడో మనిషి ఉంటాడు. పై ఉదాహరణల్లో రైతు, స్థలం సొంతదారు, చదివి పరీక్ష రాసిన పిల్లవాడు. ఈ మూడో మనిషి ఎవరో వాక్యంలో కనపడకపోతే ఆ వాక్యం సగమే. "అధికారులు కాంట్రాక్టరుతో కుమ్మక్కయ్యారు" అని ఆపేస్తే, అయితే ఏంటి అంటాడు చదివేవాడు. "కాంట్రాక్టరుతో కుమ్మక్కై, వేయని రోడ్డుకి బిల్లులు చెల్లించారు" అంటే నష్టపోయింది ఊరని తెలుస్తుంది.

నాకు బాగా గుర్తున్న కేసు 2000 ఏప్రిల్‌ది. దక్షిణాఫ్రికా క్రికెట్ కెప్టెన్ హాన్సీ క్రోనే బుకీలతో మాట్లాడిన మాటలు తమ దగ్గరున్నాయని ఢిల్లీ పోలీసులు బయటపెట్టారు. మొదట కాదన్నాడు, తర్వాత డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో డెస్కులో "బుకీలతో కుమ్మక్కు" అని శీర్షిక పెడితే ఎవరూ దిద్దలేదు, దిద్దనక్కర్లేదు కూడా. గెలిపించడానికి దిగినవాడు పందెంవాడి పక్కన చేరాడు, మోసపోయింది టిక్కెట్టు కొన్న జనం. మూడు కాళ్లూ సరిగ్గా ఉన్నాయి. ఇప్పుడు రాజకీయాల్లో రెండు పార్టీలు లోలోపల ఒకటయ్యాయని చెప్పడానికి కూడా "మ్యాచ్ ఫిక్సింగ్" అంటున్నారంటే ఆ కేసుల చలవే.

మంచి మాట చెడిన వైనం

ఈ మాట పుట్టుకతో చెడ్డది కాదు. ఫార్సీలో "కొమక్" అంటే సాయం. ఇప్పటికీ ఇరాన్‌లో వీధిలో ఎవరైనా ఆపదలో పడితే "కొమక్!" అని కేక పెడతారు, మనం "కాపాడండి" అన్నట్టు. హిందీలో "కుమక్" అంటే యుద్ధంలో ఉన్న సైన్యానికి తోడుగా పంపే అదనపు బలం. అదే మాట మన దగ్గరికి వచ్చి, "మ"కీ "క"కీ వత్తులు తెచ్చుకుని, చాటుగా చేసే సాయమైంది. ఎవరికి తోడుగా బలం వచ్చిందో వాడికి సాయం, అవతలివాడికి ద్రోహం. తెలుగువాడు అవతలివాడి వైపు నిలబడి ఈ మాటని విన్నాడన్నమాట. నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ కుమ్మక్కు అనే మాట కనపడితే అందులో వెనకనుంచి వచ్చే సైన్యం కనపడుతుంది.

వాక్యంలో ఎలా కూర్చోబెట్టాలి

"తో" లేకుండా కుమ్మక్కు నిలబడదు. ఫలానావాడు ఫలానావాడితో కుమ్మక్కయ్యాడు. ఇద్దరినీ కలిపి కర్తగా పెడితే "ఇద్దరూ కుమ్మక్కయ్యారు" అనవచ్చు. "కుమ్మక్కై" అని రాసినా "కుమ్మక్కయి" అని రాసినా తప్పు కాదు కానీ ఒకే వార్తలో రెండు రకాలుగా రాయకండి. "కుమక్కు" అని ఒక "మ" మింగేయడం మాత్రం తప్పు.

"తో" ఎవరి పక్కన పెడుతున్నామన్నది చిన్న విషయం కాదు. "మిల్లర్లతో అధికారులు కుమ్మక్కయ్యారు" అన్నప్పుడు తప్పు ప్రధానంగా అధికారులది. "అధికారులతో మిల్లర్లు కుమ్మక్కయ్యారు" అంటే మిల్లర్లు పూనుకుని చేశారు. కర్త ఎవరైతే బరువు వాళ్లమీద పడుతుంది. మీ దగ్గర ఉన్న సాక్ష్యం ఎవరి మీద ఎక్కువుందో చూసుకుని కర్తని పెట్టండి. అది తెలియనప్పుడు "మిల్లర్లు, అధికారులు కుమ్మక్కయ్యారు" అని ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టండి.

చుట్టాలూ, వాళ్ల తేడాలూ

లాలూచీ అంటే కుమ్మక్కే కానీ అందులో డబ్బు వాసన ఎక్కువ. హిందీలో లాలచ్ అంటే దురాశ, ఆ చుట్టరికం నాకు మాటలో వినపడుతుంటుంది. సిద్ధాంతం కోసమో, కులం కోసమో, పగ కోసమో అటు చేరినవాణ్ణి కుమ్మక్కయ్యాడంటాను కానీ లాలూచీ పడ్డాడనను. క్రియ కూడా వేరు: కుమ్మక్కు "అవుతారు", లాలూచీ "పడతారు". "లాలూచీ అయ్యారు" అని ఎవరైనా రాస్తే నాకు చెవిలో ఇసుక పోసినట్టుంటుంది.

లోపాయికారీ అనేది ఒప్పందం పక్కనే బతుకుతుంది. లోపాయికారీ ఒప్పందం, లోపాయికారీ పొత్తు. పైకి పోటీ, లోపల సర్దుబాటు. పైకి కూడా పొత్తు ప్రకటించేసుకున్నాక దాన్ని లోపాయికారీ అనడం హాస్యాస్పదం. అయినా ప్రతి ఎన్నికలకీ రాస్తూనే ఉంటారు.

కూడబలుక్కోవడం అన్నిటికంటే అమాయకమైన మాట. కూడి పలుక్కోవడం, అంతే. "అందరూ కూడబలుక్కున్నట్టు పచ్చ చీరలే కట్టుకొచ్చారు" అంటే అందులో ఏ నేరమూ లేదు. సాక్షులు ఒకే కథ చెప్పారని రాయాలి, కానీ అబద్ధమని మీరు తేల్చలేరు అనుకోండి, "కూడబలుక్కున్నట్టు" అనే మాట అక్కడ మిమ్మల్ని కాపాడుతుంది.

టెండర్ల దగ్గర జనం వాడే మాటలు వేరు. అక్కడ "రింగయ్యారు" అంటారు, "సిండికేట్ అయ్యారు" అంటారు. వేలంలో పాడకుండా తప్పుకున్నందుకు ఇచ్చే సొమ్ముని "గుడ్‌విల్" అంటారు. మంచి మనసు అనే మాట ఇంత చెడ్డపనికి పేరు కావడం చూసి నేను మొదటిసారి నవ్వుకున్నాను. 2002 నాటి పోటీ చట్టం మూడో సెక్షన్‌లో ఈ టెండరు కుమ్మక్కు స్పష్టంగా నిషిద్ధం. ముందుగా వచ్చి గుట్టు విప్పినవాడికి జరిమానా తగ్గించే వీలు కూడా అదే చట్టంలో ఉంది. దొంగలు దొంగలు కలిసి ఊళ్లు పంచుకుంటే, విడగొట్టడానికి చట్టం కనిపెట్టిన ఉపాయం అది.

ఇక మిలాఖత్. ఇది నా పరువు తీసిన మాట.

అరబీలో ములాకాత్ అంటే కలుసుకోవడం. తెలుగులోకి వచ్చేసరికి అది రెండు మాటలుగా చీలిపోయింది. జైల్లో ఖైదీని చూడ్డానికి వెళ్తే ములాఖత్. చాటుగా ఒకటైతే మిలాఖత్. ఒక్క గుణింతం తేడా. నేను డెస్కులో చేరిన కొత్తల్లో జిల్లా ఎడిషన్‌లో అర్ధరాత్రి దాటాక పేజీ వదిలేస్తూ ఒక శీర్షిక పెట్టాను. ఒక నాయకుడు జైల్లో ఉన్న ప్రత్యర్థి పార్టీ మనిషిని పరామర్శించిన వార్త. "జైల్లో మిలాఖత్" అని అచ్చయింది. పొద్దున ఆరింటికల్లా ఆఫీసు ఫోను మోగడం మొదలైంది. ఇద్దరూ చీకటి ఒప్పందం చేసుకున్నారని మా పత్రిక తేల్చేసినట్టయింది. రెండు పార్టీల వాళ్లూ విడివిడిగా తిట్టారు, ఆ విషయంలో మాత్రం వాళ్లు ఏకమయ్యారు. మర్నాడు నాలుగో పేజీలో సవరణ వేశారు. మా ఎడిషన్ ఇన్‌ఛార్జి నన్నేమీ అనలేదు కానీ ఆ రెండు మాటలూ ఒక కాగితం మీద రాసి నా టేబుల్ అద్దం కింద పెట్టాడు. నేను మానేసే రోజు దాకా అది అక్కడే ఉంది.

తెలంగాణ రిపోర్టర్ల కాపీల్లో మిలాఖత్ ఎక్కువగా కనపడేది, కోస్తా వాళ్లు కుమ్మక్కుకి అలవాటుపడ్డారు. రెండూ అందరికీ తెలుస్తాయి కనుక ఒకదాన్ని కొట్టి ఇంకోటి పెట్టే పని నేను పెట్టుకోలేదు.

పోలీసు కాగితంలో, కోర్టు కాగితంలో

ఎఫ్ఐఆర్‌లో కుమ్మక్కు అనే నేరం ఉండదు. అక్కడ ఉండేది నేరపూరిత కుట్ర, పాత శిక్షాస్మృతిలో 120బి సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 61. ఇద్దరు లేదా అంతకు మించి మనుషులు నేరం చేయాలని అనుకోవడమే అక్కడ కీలకం. అందరూ ఒకే ఉద్దేశంతో పని చేశారంటే పాత 34, కొత్త 3(5). కాబట్టి పోలీసులు "కుట్ర" అని రాస్తే మీరు దాన్ని "కుమ్మక్కు"గా మార్చకండి, తేలిక చేసినట్టవుతుంది. లెక్క కూడా చూసుకోవాలి. ఐదుగురు లేదా అంతకు మించి కలిసి దోచుకుంటేనే చట్టం దాన్ని బందిపోటు దోపిడీ అంటుంది. నలుగురైతే ఉత్త దోపిడీ. మా మేనకోడలు ఒకసారి ముగ్గురితో బందిపోటు దోపిడీ చేయించేసింది.

సహనిందితుడు, సహనేరస్థుడు ఒకటి కాదు. నేరం రుజువయ్యేదాకా మొదటిదే రాయాలి. తనవాళ్ల మీదే సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుని కోర్టు క్షమాభిక్ష పొందినవాడు అప్రూవర్, ఆ మాటకి తెలుగు వెతకబోయి వాక్యాన్ని పాడు చేయకండి. పల్లెలో కూడా అప్రూవర్ అనే అంటారు.

సివిల్ కోర్టులో మాత్రం కుమ్మక్కు దర్జాగా ఉంది. కుమ్మక్కు దావా అని ప్లీడర్లు అంటుంటారు. దాని తీరు ఇలా ఉంటుంది: తండ్రి అప్పులపాలవుతాడు. కొడుకు తండ్రి మీద పంపకాల దావా వేస్తాడు. తండ్రి కోర్టు మెట్లెక్కడు, ఎక్స్‌పార్టీ అవుతాడు. పొలం కొడుక్కి పోతుంది. అప్పిచ్చినవాడు నోరు తెరిచేసరికి డిక్రీ చేతిలో ఉంటుంది. పైకి వాది, ప్రతివాది. రాత్రి ఒకే పళ్లెంలో అన్నం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ఇలాంటివాళ్లని దృష్టిలో పెట్టుకునే ఉంది: దావా నడుస్తుండగా ఆస్తి కొన్నవాడు ఆ దావా తీర్పుకి కట్టుబడాలి కానీ, అది కుమ్మక్కు దావా అయి ఉండకూడదు.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది హిందూ వివాహ చట్టం. 1955లో వచ్చిన ఆ చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం, విడాకుల పిటిషన్ వేసినవాళ్లు అవతలి పక్షంతో కుమ్మక్కవలేదని కోర్టు తృప్తి పడాలి. ఆలుమగలు కుమ్మక్కవడం నేరమా అని నవ్వొస్తుంది. కానీ ఆలోచించండి, కోర్టు హాల్లోకి రాగానే వాళ్లు రెండు పక్షాలు. ఇద్దరూ విడిపోవాలని అనుకుని, లేని క్రూరత్వాన్ని కల్పించి రాస్తే మోసపోయేది కోర్టు. 1976లో పరస్పర అంగీకార విడాకులు, అదే 13బి, వచ్చాక ఇద్దరూ కలిసి తలుపు తట్టే దారి ఏర్పడింది. కుమ్మక్కు అంటే ఎదురెదురుగా ఉండాల్సినవాళ్లు ఒకటవడం అని మా మేనకోడలికి నేను ఎంత చెప్పినా ఎక్కలేదు, ఈ మొగుడూపెళ్లాల ఉదాహరణతో ఎక్కింది.

కుమ్మక్కు కానివి

చేయాల్సిన పని చేయకపోవడం కుమ్మక్కు కాదు. అది నిర్లక్ష్యం. తెలిసీ ఊరుకోవడం కూడా కుమ్మక్కు కాదు, దానికి ఉపేక్ష అని బరువైన మాట ఉంది. కృష్ణరాయబారంలో తిక్కన కృష్ణుడి నోట పలికించిన మాట అది: ధర్మం చెడిపోతుంటే ఆపగల సమర్థులు ఉపేక్ష చేస్తే అది వాళ్లకే చేటు. వాడుకలో అయితే "చూసీ చూడనట్టు పోవడం". ఊరుకోవడానికి బదులుగా ఏదో ముట్టిందని తెలిసినప్పుడే ఉపేక్ష కుమ్మక్కుగా మారుతుంది.

ఈ గీత ఎంత సన్నమో సత్యం కంప్యూటర్స్ కేసులో చూశాం. 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో, ఖాతాల్లో చూపిన వేల కోట్లు అసలు లేవని బయటపడింది. ఆ లెక్కల మీద ఏళ్ల తరబడి సంతకాలు పెట్టిన ఆడిటర్లు పట్టించుకోలేదా, కలిసిపోయారా? హైదరాబాద్ అంతా ఇదే చర్చ. మొదటి రోజునే "కుమ్మక్కు" అని శీర్షిక పెట్టాలని డెస్కులో ఒకరి పట్టు. నేను "కళ్లు మూసుకున్నారా?" అని పెట్టించాను. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లూ ఉన్నారు. వాళ్లు పైకోర్టుకి వెళ్లారు. అయినా ఆ మొదటి రోజున నేను పెట్టించిందే సరైనదని ఇప్పటికీ అంటాను. ఆరేళ్ల తర్వాత కోర్టు చెప్పింది, ఆ రోజు నాకెలా తెలుస్తుంది?

తిలా పాపం తలా పిడికెడు అనే సామెతని కూడా కుమ్మక్కు బదులు వాడేస్తున్నారు. ఇందులో ఎవరూ ఎవరితోనూ ఏమీ అనుకోనక్కర్లేదు. చెరువులో ఇళ్లు కట్టారు. లేఅవుట్ వేసినవాడు, ప్లాను పాస్ చేసినవాడు, అప్పిచ్చిన బ్యాంకు, తక్కువ ధరకి వస్తుందని కొన్న మనమూ. వానొచ్చి ఇల్లు మునిగాక తప్పు ఎవరిదంటే పిడికెడు చొప్పున అందరిదీ. ఇక్కడ కుమ్మక్కు అంటే కొన్నవాడు తప్పించుకుంటాడు. సామెత అయితే తప్పించుకోనివ్వదు. కంచే చేను మేయడం కూడా వేరే సంగతి. కంచె ఒక్కటే మేసింది, పక్కవాడి పశువుని పిలవలేదు.

ఆరోపణ అనే తాడు

రుజువు లేకుండా ఒక మనిషి కుమ్మక్కయ్యాడని రాస్తే పరువునష్టం దావా ఇంటికొస్తుంది. "కుమ్మక్కయ్యారని ఫలానావాళ్లు ఆరోపించారు" అని ఆరోపించినవాళ్ల పేరు పెట్టండి. పేరు చెప్పడానికి ఎవరూ సిద్ధంగా లేకపోతే ఆ వార్తకి ఇంకా కాలు రాలేదని అర్థం. శీర్షిక చివర ప్రశ్నార్థకం తగిలిస్తే గండం గడుస్తుందని చాలామంది నమ్మకం. గడవదు.

మన హైదరాబాదీ అజారుద్దీన్ విషయం గుర్తుంచుకోవాలి. 2000 డిసెంబరులో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. మధ్యలో పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లలో "ఆరోపణలు ఎదుర్కొన్న" అనే రెండు మాటలు ఎన్నిసార్లు బద్ధకించి వదిలేశారో పాత ఫైళ్లు తిరగేస్తే తెలుస్తుంది. నేను దిద్దిన కాపీల్లో కూడా ఒకటో రెండో ఉంటాయి.

ఇంటి వాడుకలో మాత్రం ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు. అమ్మమ్మా మనవడూ కుమ్మక్కై ఫోను దాచేశారు అంటే అందులో ముద్దే తప్ప నేరం లేదు. కాపలాగా ఉండమన్న పెద్దావిడ పిల్లాడి పక్కన చేరింది కనుక మాట మాత్రం కచ్చితంగా సరిపోయింది.

మొన్న సంక్రాంతికి మా మేనకోడలు వచ్చింది. మా ఆయనకి షుగరు. తీపి పెట్టొద్దని దానికి గట్టిగా చెప్పి బజారుకెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలో ఆరు ఉండాల్సినవి నాలుగే ఉన్నాయి. మా ఆయన పేపరు చదువుకుంటున్నాడు, తలకిందులుగా పట్టుకుని. "ఇద్దరూ కుమ్మక్కయ్యారన్నమాట" అన్నాను.

"కుమ్మక్కయ్యారని ఆరోపణ" అంది అది, మూతి తుడుచుకుంటూ. "ఎవరు ఆరోపించారో పేరు కూడా పెట్టత్తా."